బాలల రక్షణ శిక్షణ: ప్రధానోపాధ్యాయుల్లో తరచుగా వినిపించే అపోహలు, వాస్తవాలు

పిల్లలపై వేధింపులను, అక్రమ రవాణాను గుర్తించి ఫిర్యాదు చేయడంపై కోనసీమ, భీమవరం ప్రాంతాల ప్రధానోపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేటప్పుడు మాకు ప్రతిసారీ ఎదురయ్యే మాటలివి.

అపోహ: ముందు మనం విచారించి, ఆధారం దొరికాకే పోలీసులకు చెప్పాలి.

వాస్తవం: నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ ఆలోచనే. నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం కలిగినా స్థానిక పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం (లైంగిక నేరాల నుంచి పిల్లలను రక్షించే చట్టం) 19వ సెక్షన్ చెబుతోంది. నిజానిజాలు తేల్చే పని హెచ్‌ఎంకు అప్పగించలేదు. అయినా పాపను ఆఫీసు గదిలో నలుగురు పెద్దల ఎదుట నిలబెట్టి, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పించి, ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషినీ పిలిపించి రాజీ మాటలు మొదలుపెడతారు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, మర్నాటికి పాప మాట మారుస్తుంది. అందుకే బిడ్డకు నమ్మకమున్న ఒక్క టీచరే వినాలని, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదని, బిడ్డ అన్న మాటలనే తేదీతో సహా రాసుకోవాలని చెబుతాం. “మావయ్య చెరువు గట్టు మీద షెడ్డులోకి రమ్మన్నాడు” అంటే అలాగే రాయాలి తప్ప “అసభ్యంగా ప్రవర్తించాడు” అని సంస్కరించకూడదు. సమాచారం అదే రోజు వెళ్లాలి.

అపోహ: అనుమానం తప్పని తేలితే కేసు మన మెడకు చుట్టుకుంటుంది.

వాస్తవం: సద్భావంతో సమాచారం ఇచ్చినవారిపై కేసు ఉండదని అదే సెక్షన్ హామీ ఇస్తోంది. చెప్పనివారికి మాత్రం శిక్ష ఉంది: ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, తప్పు చేసింది తన కింద పనిచేసేవారైతే సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా. ఎంఈవోకు (మండల విద్యాధికారికి) లేఖ రాసినంత మాత్రాన ఈ బాధ్యత తీరదు.

అపోహ: అక్రమ రవాణా అంటే ఎత్తుకుపోవడమే.

వాస్తవం: పని ఇప్పిస్తామని, చదివిస్తామని ఆశపెట్టి దోపిడీ కోసం తీసుకుపోవడం కూడా భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కిందికి వస్తుంది, బాధితుల అంగీకారంతో నిమిత్తం లేదు. డెల్టాలో దీని జాడ ముందుగా కనిపించేది హాజరుపట్టీలోనే. రొయ్యల చెరువుల కాపలా కుటుంబం పిల్ల వారం రోజులు రాకపోతే పేరు కొట్టేసి “వలస” అని రాయడం తేలిక, కానీ ఎక్కడికి, ఎవరితో వెళ్లిందో కనుక్కోవాలి. సంవత్సరం మధ్యలో ముఖపరిచయం లేని “బాబాయి” వచ్చి టీసీ అడిగినా, పుట్టినతేదీ దిద్దమన్నా ఆగి ప్రశ్నించాలి. తల్లి గల్ఫ్‌లో ఉండి అమ్మమ్మ దగ్గర పెరగడమే అనుమానాస్పదం కాదు. ఆ పిల్ల తరఫున ఎవరెవరో వస్తుండటం మాత్రం గమనించవలసిందే.

మగపిల్లలకు ఈ బెడద లేదన్నదీ అపోహే; పోక్సో పద్దెనిమిదేళ్లలోపు అందరికీ వర్తిస్తుంది.

అపోహ: ఫిర్యాదు చేస్తే బిడ్డను స్టేషను చుట్టూ తిప్పుతారు.

వాస్తవం: బిడ్డ ఇంటి దగ్గర గానీ, కోరుకున్న చోట గానీ, యూనిఫాం లేని అధికారి వాంగ్మూలం తీసుకోవాలి, రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలియజేయాలి. సలహాకు, తక్షణ సాయానికి బాలల హెల్ప్‌లైన్ నంబరు 1098 ఎప్పుడూ ఉంటుంది. ఇక బిడ్డ పేరు, ఫొటో హెచ్‌ఎంల వాట్సాప్ గ్రూపులో, “అందరూ జాగ్రత్త” అనే ఉద్దేశంతో కూడా, పెట్టకూడదు.