‘అన్‌నోన్ ప్లెజర్స్’ మళ్లీ వింటే: ఒక మిక్సింగ్ ఇంజనీర్ రాసుకున్న అపోహలు - వాస్తవాలు

మా స్టూడియోలో అసిస్టెంటుగా చేరిన కుర్రాడు మొదటి రోజే ఒక నల్ల టీషర్టు వేసుకొచ్చాడు. దాని మీద తెల్ల గీతలు, కొండల వరసలా. “జాయ్ డివిజన్ వింటావా?” అన్నాను. “అదేంటన్నా?” అన్నాడు. బొమ్మ బాగుందని అమీర్‌పేటలో కొన్నాడట.

జాయ్ డివిజన్ అనేది ఒక ఇంగ్లిష్ రాక్ బ్యాండ్, ఆ బొమ్మ వాళ్ల ‘అన్‌నోన్ ప్లెజర్స్’ ఆల్బమ్ అట్ట మీదది. ఆ సాయంత్రం పనయ్యాక ఇద్దరం కూర్చుని ఆల్బమ్ మొత్తం విన్నాం. పది పాటలు, దాదాపు 39 నిమిషాలు. నేను దాన్ని మొదట విన్నది ఇరవై ఏళ్ల కిందట, ఎవరో సీడీలో ఎక్కించిచ్చిన ఎంపీ3ల్లో, డొక్కు ఇయర్‌ఫోన్లతో. వీళ్లకు బాధ ఎక్కువ, బడ్జెట్ తక్కువ అనుకున్నాను. ఈసారి స్టూడియోలోని మంచి స్పీకర్ల మీద విన్నాక రెండో మాట తప్పని తేలింది. మొదటి మాట మీద కూడా అనుమానం వచ్చింది. వినేవాళ్లలో చాలామందికి ఇలాంటి అభిప్రాయాలే ఉన్నాయి కాబట్టి, నా పనికి సంబంధించినంతవరకు చెబుతాను.

అపోహ: కవర్ మీద గీతలు ఆల్బమ్‌లోని ఏదో పాట సౌండ్ వేవ్.

మావాడు కూడా అదే అడిగాడు, “ఇది ఏ పాట వేవ్‌ఫామ్ అన్నా?” అని. అది సౌండే కాదు. అంతరిక్షం నుంచి వచ్చిన రేడియో సిగ్నల్. 1967లో జోసెలిన్ బెల్ బర్నెల్ గుర్తించిన మొట్టమొదటి పల్సర్ (తిరుగుతూ లెక్క తప్పకుండా రేడియో సిగ్నల్ పంపే నక్షత్రం), సీపీ 1919ది. ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపుకు అందిన 80 పల్స్‌లను హెరాల్డ్ క్రాఫ్ట్ అనే పరిశోధకుడు ఒకదాని కింద ఒకటి పేర్చి, 1970లో తన పీహెచ్‌డీ థీసిస్‌లో వేశాడు. బ్యాండ్ వాళ్లు ఆ బొమ్మను ఒక ఖగోళశాస్త్ర ఎన్‌సైక్లోపీడియాలో చూసి డిజైనర్ పీటర్ సావిల్‌కు ఇచ్చారు. తెల్ల కాగితం మీద ఉన్న నల్ల గీతలను ఆయన నలుపు మీద తెలుపు చేశాడు. ముందు అట్ట మీద బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్ పేరూ లేదు.

ఆ పల్సర్ 1.337 సెకన్లకోసారి కొట్టుకుంటుంది. మా లెక్కలో నిమిషానికి దాదాపు 45 బీట్లు. మెట్రోనోమ్ పెట్టి చూడండి, జోలపాటకు కూడా అది స్లోనే.

అపోహ: డబ్బుల్లేక ఏదో షెడ్డులో రికార్డు చేశారు, అందుకే సౌండ్ అంత బోసిగా ఉంటుంది.

1979 ఏప్రిల్‌లో, మాంచెస్టర్ పక్కనే ఉన్న స్టాక్‌పోర్ట్‌లో, స్ట్రాబెరీ స్టూడియోస్‌లో చేశారు. టెన్‌సీసీ బ్యాండ్ సభ్యులకు వాటా ఉన్న స్టూడియో అది. గొంతుల మీద గొంతులు పేర్చి వాళ్లు తమ పాట ‘ఐయామ్ నాట్ ఇన్ లవ్’ చేసింది అక్కడే. లండన్ బయట అలాంటి గది దొరకడమే అప్పట్లో గొప్ప. చేతిలో ఉన్నవి కొద్ది రోజులే, నిజమే. సామాను మాత్రం చవకది కాదు.

మరి ఆ బోసి ఎక్కడిది? కావాలని చేసింది. ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ చదివింది కెమిస్ట్రీ. కొన్ని పాటలకు ఆయన డ్రమ్ కిట్‌లో ఒక్కో డ్రమ్మును విడిగా వాయించమన్నాడు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము కిక్ ఒకసారి, కర్రలతో కొట్టే చిన్న డ్రమ్ము స్నేర్ ఒకసారి. ఎందుకంటే మామూలుగా కిట్ మొత్తం వాయిస్తే స్నేర్ మైకులోకి హై-హ్యాట్ అనే తాళాల జత చప్పుడు కారుతుంది, టామ్ అనే డ్రమ్ము మైకులోకి కిక్ కారుతుంది. దీన్నే మేం బ్లీడ్ అంటాం. డ్రమ్ముల మధ్య గాలి ఉన్నట్టు, అంతా ఒకే గదిలో ఉన్నట్టు వినిపించేది ఆ కారడం వల్లే. హానెట్ ఆ గాలి మొత్తం తీసేశాడు. తీసేశాక, తనకు కావలసిన గాలిని మళ్లీ తనే పోశాడు.

అపోహ: పెద్ద హాల్లో రివర్బ్ (గది మోత) పెట్టి చేశారు.

నేనూ చాలా ఏళ్లు ఇలాగే అనుకున్నాను. నా మొదటి సొంత మిక్సింగ్‌లో ఈ సౌండ్ తెద్దామని స్నేర్ మీద హాల్ రివర్బ్ కుమ్మరించాను. పెళ్లి పందిట్లో మైకు టెస్టింగ్‌లా వచ్చింది.

హానెట్ చేతిలో ఉన్న అసలు సామాను డిజిటల్ డిలే, అంటే చప్పుడు కాపీని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే మిషన్. ఏఎంఎస్ కంపెనీ మిషన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. చప్పుడు గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకు మూర కూడా కాదు. స్నేర్ కాపీని 20 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే, చప్పుడు పోయి తిరిగి రావాలి కాబట్టి, మూడున్నర మీటర్ల దూరంలో గోడ ఉన్నట్టు లెక్క. 30 మిల్లీసెకన్ల లోపు అయితే చెవి దాన్ని రెండో దెబ్బగా వినదు, మొదటి దెబ్బే కాస్త లావైనట్టు, దాని చుట్టూ ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంకా పెంచితే విడిపోయి ఎకో అవుతుంది. రివర్బ్‌లో వేల ప్రతిధ్వనులు కలిసిపోయి పొగమంచులా కమ్ముకుంటాయి. డిలేలో ఒకటో రెండో, అంతే. మధ్యలో చీకటి అలాగే ఉంటుంది. ఈ ఆల్బమ్‌లో స్నేర్ అంత పొడిగా ఉంటూనే ఎక్కడో దూరంగా ఉన్నట్టు వినిపించడంలో పెద్ద వాటా దీనిదే.

అపోహ: వింత చప్పుళ్లన్నీ సింథసైజర్‌వే.

కొన్ని అవే. కానీ ‘ఇన్‌సైట్’ పాటలో బ్యాండ్ గాయకుడు ఇయన్ కర్టిస్ గొంతు అంత దూరం నుంచి రావడానికి కారణం దాన్ని టెలిఫోన్ లైను గుండా పంపి రికార్డు చేయడం. ‘షీజ్ లాస్ట్ కంట్రోల్’లో స్నేర్‌తో పాటు వచ్చే ‘స్స్’ శబ్దం టేప్ హెడ్లు తుడిచే స్ప్రే డబ్బాది. డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ వోకల్ బూత్‌లో నిలబడి దాన్ని తాళానికి తగ్గట్టు కొట్టాడు. తలుపు వేసిన బూత్‌లో ఆ వాసన ఎలా ఉంటుందో టేపు రోజుల్లో పనిచేసినవాళ్లను అడగండి. చివరి పాటలో పగిలేవి నిజం సీసాలే.

అపోహ: ట్యూన్ నడిపించేది గిటార్.

చాలాచోట్ల బేస్ గిటార్. పీటర్ హుక్ దాన్ని పై స్వరాల్లో వాయించడం అవసరం కొద్దీ మొదలైంది. రిహార్సల్లో పక్కన బెర్నార్డ్ సమ్నర్ గిటార్ హోరులో, తన నాసిరకం ఆంప్లిఫయర్‌లో కింది స్వరాలు తనకే వినబడేవి కావు. పైకి వెళ్తే వినబడింది. ‘డిజార్డర్’ మొదలయ్యే తీరు వినండి చాలు.

అపోహ: ఇది ఇయన్ కర్టిస్ మరణ వాంగ్మూలం.

దీని గురించి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ఆల్బమ్ 1979 జూన్ 15న ఫ్యాక్టరీ రికార్డ్స్ నుంచి వచ్చింది. ఆయన చనిపోయింది 1980 మే 18న, 23 ఏళ్లకు. ఆ తర్వాత విన్న ప్రతివాళ్లూ ప్రతి లైనులోనూ చావునే వెతుకుతున్నారు. ‘షీజ్ లాస్ట్ కంట్రోల్’ ఆయన సొంత మూర్ఛ గురించేనని గట్టిగా చెప్పేవాళ్లున్నారు. ఉద్యోగంలో భాగంగా ఆయన వికలాంగులకు పని వెతికిపెట్టేవాడు. అక్కడ పరిచయమైన, మూర్ఛతో బాధపడి చనిపోయిన ఒక అమ్మాయి గురించి ఆ పాట పుట్టింది. ఆయనకు ఆ జబ్బు ఉందని డాక్టర్లు తేల్చింది 1979 జనవరిలో. పాట అంతకు ముందు నుంచే స్టేజీ మీద ఉంది. ఇక వాళ్ల అన్ని పాటల్లోకీ పేరున్న ‘లవ్ విల్ టేర్ అస్ అపార్ట్’ ఈ ఆల్బమ్‌లో లేదు. వెతక్కండి.

అపోహ: రాగానే సంచలనం.

మొదట వేసింది 10,000 కాపీలు. బ్రిటన్ చార్టుల్లోకి ఎక్కింది కర్టిస్ పోయాక, 1980 ఆగస్టులో, అదీ 71వ స్థానానికి. 2019లో 40 ఏళ్ల ఎడిషన్‌తో 5వ స్థానానికి వెళ్లింది. బ్యాండ్‌లో హుక్‌కు, సమ్నర్‌కు అసలు మిక్సే నచ్చలేదు. స్టేజీ మీద మేం వాయించే జోరు ఏదీ అన్నారు. ఆ రోజుల లైవ్ రికార్డింగులు వింటే వాళ్ల కోపం న్యాయమే అనిపిస్తుంది. అయినా నా ఓటు హానెట్‌కే. హుక్ కూడా తర్వాత ఆయన గొప్పతనం ఒప్పుకున్నాడు.

విన్న మర్నాడు స్టూడియో ఖాళీగా ఉంటే మావాడు డ్రమ్ కిట్ విప్పాడు. స్నేర్ ఒక్కటే ఉంచి, హెడ్‌ఫోన్లో క్లిక్ (మెట్రోనోమ్ టిక్కు) పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు ఆవర్తనాలు కాకముందే కుడిచెయ్యి, అక్కడ లేని హై-హ్యాట్ కోసం గాలిలోకి పోయింది. మోరిస్‌కూ ఇదే తిప్పలు. మిగతా డ్రమ్ములు మైకులో పడకుండా తన తొడల మీద కొట్టుకునేవాడట, సాయంత్రానికి కమిలిపోయేవట. ఆ సంగతి చెప్పాను. వాడు కర్రలు మార్చి పట్టుకుని, “జీన్స్ వేసుకొచ్చా కదన్నా, పర్లేదు” అని మళ్లీ క్లిక్ ఆన్ చేశాడు.