పాత హిందీ పాటలు, రీమిక్స్‌లు: అపోహలు – వాస్తవాలు

అపోహ: పాత పాటకు కొత్త బీట్ తగిలిస్తే రీమిక్స్ అయిపోతుంది.

వాస్తవం: సౌండ్ ఇంజనీర్లకు అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. 1950, 60 దశకాల బొంబాయి స్టూడియోలలో గాయకులూ వాద్యబృందమూ కలిసి పాడి వాయిస్తుండగానే, పాట సాధారణంగా మోనోలో, అంటే శబ్దాలన్నీ ఒకే ట్రాక్‌లో కలిసిపోయేలా రికార్డయ్యేది. లెక్క చెప్పే క్లిక్ ట్రాక్ లేదు కాబట్టి లయ తబలా, ఢోలక్ వాయించేవారి చేతుల్లోనే ఉండేది. పల్లవి అందుకునేటప్పుడు నడక కాస్త ఊపందుకోవడం, చరణం చివర కాస్త నెమ్మదించడం అందుకే వినిపిస్తాయి. ఆ నడకను యంత్రపు కొలతకు బిగిస్తే, గాయని ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే చోట గొంతు కృత్రిమంగా వణుకుతుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ గొంతును వేరు చేసి ఇస్తున్నా, దాని వెంట వయొలిన్ల ఛాయ కొంత వస్తూనే ఉంటుంది. అందుకే రీమిక్స్ చేసేటప్పుడు నేను పాటను కదపను, బీట్‌నే పాట వెంట నడిపిస్తాను. శ్రమ ఎక్కువే, కానీ పాట ప్రాణం నిలుస్తుంది.

అపోహ: ఆకర్షణంతా బాణీలో, గొంతులోనే ఉంది.

వాస్తవం: ‘చురా లియా హై తుమ్‌నే’ (1973) పాటను ఆశా భోస్లే గొంతు విప్పకముందే, గ్లాసు మోగిన చప్పుడుతోనే గుర్తుపడతాం. సంగీత దర్శక ద్వయం శంకర్–జైకిషన్ పాటల వాద్య అమరికలో గోవాకు చెందిన సెబాస్టియన్ డిసౌజా కృషి ఎంతో ఉంది. ఆయన పేరు చాలామంది శ్రోతలకు తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: పాత బాణీని మళ్లీ వాడుకోవడం ఈ తరం తెచ్చిన తెగులు.

వాస్తవం: 2002లో రీమిక్స్‌గా మారుమోగిన ‘కాంటా లగా’ 1972 నాటి పాటే. అయితే 1980లలోనే పాత పాటలను కొత్త గాయకులతో పాడించిన క్యాసెట్లు విరివిగా అమ్ముడయ్యాయి. మన ‘నా మది నిన్ను పిలిచింది గానమై’ (1976) బాణీ హిందీ సినిమా ‘గీత్’ (1970) నుంచి వచ్చినదే. రెండు భాషల్లోనూ రఫీయే పాడారు.

అపోహ: పాత పాటలపై ఎవరికీ హక్కులుండవు.

వాస్తవం: మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌పై హక్కు విడుదల తర్వాత 60 ఏళ్లు, బాణీపైనా సాహిత్యంపైనా హక్కు కర్త మరణానంతరం 60 ఏళ్లు ఉంటుంది. ‘చురా లియా’నే తీసుకుంటే రికార్డింగ్‌కు 2033 వరకు, 1994లో మరణించిన ఆర్.డి. బర్మన్ బాణీకి 2054 వరకు, 2000లో మరణించిన మజ్రూహ్ సుల్తాన్‌పురి సాహిత్యానికి 2060 వరకు రక్షణ ఉంది. 2012 సవరణ ప్రకారం, తొలి రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు దాటితే, రాయల్టీ చెల్లించి కవర్ వెర్షన్ (అదే పాటను కొత్తగా పాడించి రికార్డు చేయడం) చేసుకోవచ్చు. సాంకేతికంగా తప్పనిసరి కాని మార్పులకు మాత్రం హక్కుదారుల అనుమతి కావలసిందే.