థెరపీలో తాయెత్తు వాటా ఎంత?

"కొన్ని నెలలుగా సైకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాను. కాస్త తేలికగానే ఉంది. ఇది ఆవిడ చలవేనా, దానంతటదే తగ్గిందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. థెరపీలు ఎన్ని రకాలో ఎక్కడైనా దొరుకుతుంది కానీ, ఈ అనుమానం భలే పసందైనది.

తాయెత్తు సంగతి చూడండి. దాన్ని ఎప్పుడు కట్టించుకుంటారు? నిద్ర పట్టక, అన్నం సయించక, ఇక నావల్ల కాదనుకున్న రోజున. దిగులు ఒకే మట్టంలో ఉండదు, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. బాగా ఎక్కినప్పుడు కడితే ఆ తర్వాత జరిగేది ఎక్కువగా దిగడమే. పేరేమో తాయెత్తుకు! థెరపీకి వెళ్ళేదీ అలాంటి రోజునే కనక, తొలి వారాల ఊరటలో తాయెత్తు వాటా కొంత ఉంటుంది. గణాంకాల్లో దీన్ని సగటుకు మళ్లడం అంటారు. 1886లో ఇంగ్లండు శాస్త్రవేత్త గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తులూ పిల్లల ఎత్తులూ పోల్చి దీన్ని చూపించాడు. బళ్ళో సగటు తీయడం నేర్పుతారు గానీ, ఇది చెప్పరు.

అందుకే మొదటి దిగుడును లెక్కలోకి తీసుకోకండి. తర్వాత వచ్చే ఎక్కుళ్ళను చూడండి. అవి పొట్టిగా, అరుదుగా అవుతున్నాయా? ఒక్క తాయెత్తు లెక్కతో దాన్ని కొట్టేయలేం. అయితే జబ్బు దానంతటదే నయమవుతున్నా ఇలాగే ఉంటుంది. ఒక్క మనిషి లెక్కతో థెరపీ మేలునూ ఈ నయం కావడాన్నీ విడదీయలేం. దానికి థెరపీ అందనివాళ్ళతో పోల్చే ప్రయోగాలు కావాలి. అవి జరిగాయి, డిప్రెషన్‌లో సగటున మేలే తేలింది.

ఎక్కుడూ దిగుడూ కొలిచేదెలా? డిప్రెషన్ కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలుంటాయి, గత రెండు వారాల గురించి. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. స్కోరు 14 నుంచి 12కి వస్తే సంబరపడొద్దు. 1991లో మనస్తత్వ పరిశోధకులు జాకబ్సన్, ట్రూవాక్స్ చెప్పిన పరీక్ష ఇది: స్కోర్ల ప్రామాణిక విచలనం (జనం స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 5, ప్రశ్నావళి విశ్వసనీయత (కొలతలో తప్పే లేకపోతే 1) 0.84 అనుకుంటే, 1లో మిగిలింది 0.16, కొలతలో దోషం 5 × √0.16 = 2. రెండు కొలతల తేడాకు 2 × √2 = 2.83. దాన్ని 1.96తో గుణిస్తే 5.5; ఉత్త కొలత దోషం వల్ల వచ్చే తేడా నూటికి 95 సార్లు ఇంతలోపే ఉంటుంది. అంటే 6 తగ్గితేనే నమ్మొచ్చు.

"ఆవిడే చెబుతుందిలే" అనుకోకండి. 2005లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 550 మందిలో ముగ్గురి పరిస్థితే మరింత చెడుతుందని థెరపిస్టులు అంచనా వేస్తే, నిజంగా చెడింది 40 మందికి. అందుకే మీ స్కోర్ల కాగితం ఆవిడ ముందు పెట్టండి.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాకపోతే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి, ఆ రోజే చెప్పండి. ఆవిడ అందకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, ఏ వేళైనా ఉచితం.