‘అలాంటి ఆడవాళ్లు’ అంటూ ఒక రకం లేదు: షుగర్ డేటింగ్ మీద అపోహలు - వాస్తవాలు

“మేడమ్, నేను డబ్బులు తీసుకున్నాను కదా. స్టేషన్‌కెళ్తే ముందు నన్నే లోపలేస్తారంట కదా?”

ఒడిశాలోని బరంపురం కోర్టులో ప్రాక్టీసు చేసే నాకు ఈ ప్రశ్న వినీ వినీ విసుగొచ్చేసింది. విసుగు అడిగేవాళ్ల మీద కాదు, ఈ మాట వాళ్ల చెవిలో వేసినవాళ్ల మీద. ఎవరు చెప్పారమ్మా అని ఆరా తీస్తే చాలాసార్లు బెదిరిస్తున్నవాడే చెప్పి ఉంటాడు. తన మీద కేసు పడకుండా తనే ఉచితంగా లీగల్ సలహా ఇచ్చాడన్నమాట.

షుగర్ డేటింగ్ అంటే డబ్బో బహుమతులో ఇచ్చే మనిషితో సాగే సంబంధం. అంతకు మించి షుగర్ డాడీ, అలవెన్స్, అరేంజ్‌మెంట్ అంటూ ఇక్కడ విడమర్చి చెప్పను. మా వైపు తెలుగువాళ్లు, బరంపురమైనా పర్లాకిమిడైనా రాయగడైనా, ‘ఒక సార్ సపోర్ట్ చేస్తున్నారు’ అంటారు, అంతే తేడా. ఈ సంబంధాలు మంచివా చెడ్డవా అనే తీర్పు కూడా నా దగ్గర దొరకదు. నా దాకా వచ్చేసరికి వ్యవహారం ఆ దశ దాటిపోయి ఉంటుంది. ఫోటోలు అవతలివాడి ఫోన్‌లో ఉంటాయి, వాడు డబ్బు అడుగుతుంటాడు, ఈవిడకు నిద్ర ఉండదు. కింద చెప్పిన మనుషుల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

అపోహ: డబ్బాశ ఉన్న కాలేజీ పిల్లలే ఇలాంటివాటిలోకి వెళ్తారు

చేతిలో ఖరీదైన ఫోను, కళ్లకు నల్లద్దాలు. అందరి బుర్రల్లోనూ ఈ బొమ్మే. నా ఛాంబర్‌లో కుర్చీలో కూర్చున్నవాళ్లను చెప్తాను వినండి. నర్సింగ్ చదివే అమ్మాయి, హాస్టల్ ఫీజు కట్టలేక మొదలైంది, ఫోను అద్దం పగిలినదే. మొగుడు సూరత్ మరమగ్గాల్లో పనికెళ్లి, డబ్బు పంపడం మానేస్తే ఇద్దరు పిల్లలతో మిగిలిన ఆవిడ. నలభై దాటిన వితంతువు, సొంతంగా టైలరింగ్ షాపు నడుపుతోంది, ‘సార్’ ఇచ్చింది కొత్త మిషన్లకు పెట్టుబడి. మంచి జీతం ఉన్న ఉద్యోగిని కూడా వచ్చింది. ఆవిడకు ఎవరి డబ్బూ అక్కర్లేదు. సెలవు రోజున గోపాల్‌పూర్ తీసుకెళ్లి, సముద్రం ఒడ్డున కూర్చోబెట్టి తన మాట వినే మనిషి కావాలి. బహుమతులు ఆయన సరదా. ఒక ట్రాన్స్ మహిళకు ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వకపోతే ఆమె ‘సార్’ తన పేరు మీద తీసి ఇచ్చాడు. గొడవయ్యాక అర్ధరాత్రి తాళం మార్చేశాడు.

పీజీ చదివినవాళ్లూ ఉన్నారు, సంతకం మాత్రమే వచ్చినవాళ్లూ ఉన్నారు. శ్రావణ శుక్రవారం తప్పకుండా నోము నోచుకునేవాళ్లు ఉన్నారు. ఈ మనుషులను ఒకే గదిలో కూర్చోబెడితే ‘నేనూ ఆవిడా ఒకటా?’ అని ఒకరినొకరు చూసి మొహం తిప్పుకుంటారు.

ఆడవాళ్లే కాదు, సంబంధాలు కూడా ఒకే రకం కాదు. అమెరికాలో మారెన్ స్కల్ అనే సామాజిక శాస్త్రవేత్త 48 మంది మహిళలతో మాట్లాడి, 2020లో అచ్చయిన తన పరిశోధనలో వీటిని ఏడు రకాలుగా విడదీసింది. ఒక చివర నేరుగా డబ్బుకు శరీరం. మధ్యలో కేవలం తోడు కోసం, స్నేహం కోసం సాగేవి. ఇంకో చివర, కలిసి బతుకుదామనుకునే ప్రేమ. అమెరికా లెక్కలు తెచ్చి గంజాం జిల్లాకు అతికించను గానీ, నా దగ్గరికొచ్చిన కథలు కూడా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్నవే.

వకీలుకు ఈ తేడాలతో పనేంటి అంటారా? చాలా పనుంది. ఒకావిడకు ఫోటోలు పోవాలి, కేసు అక్కర్లేదు. ఇంకొకరికి తన సామాను, సర్టిఫికెట్లు వెనక్కి రావాలి. ఒకమ్మాయి గంటసేపు ఏడ్చి, చివర్లో “ఆయన మీద కేసు వద్దు మేడమ్, ఆయన డ్రైవర్ మీద పెట్టండి” అంది. బెదిరిస్తున్నది డ్రైవర్, ఆయనంటే ఆమెకు ఇంకా ఇష్టమే. అందరినీ ఒకే గాటన కట్టి మందు రాస్తే ఎవరి జబ్బూ తగ్గదు.

అపోహ: డబ్బు తీసుకుంది కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు లేదు

మనుషులను నిలువునా ముంచేది ఇదే. పై బొమ్మకు పుట్టిన బిడ్డే ఇది. ‘స్టేషన్‌లో అడుగు పెట్టగానే నన్ను ఆ బొమ్మలో ఇరికిస్తారు’ అనే భయంతోనే వీళ్లు డబ్బు కడుతూ పోతారు.

వాస్తవం చెప్తాను. ఇద్దరు మేజర్లు ఇష్టపడి కలిసి ఉండటం, ఒకరు ఇంకొకరికి డబ్బో నగో ఇవ్వడం నేరం కాదు. పిటా (అనైతిక వ్యాపార నిరోధక చట్టం) కేసు పెడతారని బెదిరిస్తారు. 1956 నాటి ఆ చట్టం గురి వ్యభిచార గృహం నడిపేవాళ్ల మీద, ఆ సంపాదన మీద బతికేవాళ్ల మీద, మనుషులను అందులోకి దించేవాళ్ల మీద. బహిరంగ స్థలాల్లో పిలవడం మీద కూడా సెక్షన్లున్నాయి. తన ఇష్టంతో ఒకాయనతో సంబంధంలో ఉన్న ఆడమనిషిని శిక్షించమని అందులో ఎక్కడా లేదు. ఆయనకు పెళ్లయింది కాబట్టి ‘అక్రమ సంబంధం’ కేసంటారా? ఆ సెక్షన్‌ను సుప్రీం కోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. లైంగిక వృత్తిలో ఉన్నవాళ్లతో కూడా పోలీసులు గౌరవంగా మసలుకోవాలని అదే కోర్టు 2022 మే 19న ఆదేశించింది. మీది వృత్తి అని ఎవరైనా వాదించినా సరే, మీ ఫిర్యాదు ఫిర్యాదే.

ఇక వాడి వైపు చూడండి. ‘డబ్బు పంపకపోతే మీ అన్నయ్యకు వీడియో పంపుతా’ అని బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 308 ప్రకారం బలవంతపు వసూలు, ఏడేళ్ల దాకా జైలు. ఐటీ చట్టం 67ఏ కింద లైంగిక చర్య ఉన్న వీడియో ఎవరికైనా ఎలక్ట్రానిక్‌గా పంపితే మొదటిసారికే అయిదేళ్ల దాకా శిక్ష, పది లక్షల దాకా జరిమానా. అంటే వాడు దేనితో బెదిరిస్తున్నాడో ఆ పని చేస్తే ఇరుక్కునేది వాడు. భయపడాల్సినవాడు హాయిగా నిద్రపోతున్నాడు, పడకూడనిది మేలుకుని కూర్చుంటోంది.

డబ్బు కడితే వదిలేస్తాడనుకోకండి. మొగుడు సూరత్ వెళ్లిన ఆవిడ మొదట చీటీ పాడి కట్టింది. తర్వాత చెవి దిద్దులు తాకట్టు. ఆ తర్వాత మహిళా సంఘంలో అప్పు. కట్టిన ప్రతిసారీ ‘ఇదే ఆఖరు’ అన్నాడు. కట్టే మనిషి దొరికాక ఆఖరెందుకు చేస్తాడు?

టైలరింగ్ షాపు ఆవిడ నా దగ్గరికి ఒంటరిగా రాలేదు, అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. నేను ఏం మాట్లాడాలో తెలీక నీళ్లు నములుతుంటే ఆ పెద్దావిడే మొదలెట్టింది: “అమ్మా, మా కోడలు సేసింది తప్పో ఒప్పో నాకు తెల్దు. నా కొడుకు పోయినకాడి నుంచీ నాకు బువ్వెడుతున్నాది అదే. ఆ ఫొటోలు ఆడి ఫోన్లోంచి పోవాల. ఏటి రాయాలో రాయండి.” ఫిర్యాదు రాశాం, స్టేషన్‌కు ముగ్గురం వెళ్లాం. ఫిర్యాదులు రాసుకునే స్టేషన్ రైటర్ ఒకసారి పెదవి విరిచాడు. పెద్దావిడ అతని వైపే చూస్తూ కూర్చుంది, అంతే. కేసు కట్టారు, వాడి ఫోన్ స్వాధీనం చేసుకున్నారు. ‘ఊరంతా తెలుస్తుంది’ అని వాడు బెదిరించిన ఊళ్లోనే ఆవిడ షాపు ఇప్పటికీ నడుస్తోంది.

ఇలాంటి కేసులు నీకెందుకమ్మా అని బార్ రూమ్‌లో ఒక సీనియర్ అన్నారు. ఆయన క్లయింట్లలో నూటికి పది రూపాయల వడ్డీ తిప్పేవాళ్లున్నారు. ఆ కేసులు ఆయనకెందుకో నేనెప్పుడూ అడగలేదు.

అపోహ: మనం ఒడిశా, వాడు ఆంధ్రా, ఎక్కడా కేసు తీసుకోరు

సరిహద్దు జిల్లాల్లో దీనివల్ల పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఆవిడది బరంపురం, ఆయనది విశాఖపట్నం, కలిసింది గోపాల్‌పూర్ హోటల్లో, బెదిరింపు మెసేజ్ వచ్చినప్పుడు ఆవిడ ఇచ్ఛాపురంలో అక్కగారింట్లో ఉంది. ఇక్కడివాళ్లు అక్కడికి పొమ్మంటారు, అక్కడివాళ్లు ఇక్కడికి. అలా తిప్పడం కుదరదు. నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీరో ఎఫ్‌ఐఆర్ రాసి సంబంధిత స్టేషన్‌కు వాళ్లే పంపాలి. ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వొచ్చు, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. ఒడియా రాయడం రాదని ఆగిపోకండి. నోటితో చెప్తే రాసుకుని, చదివి వినిపించాల్సిన బాధ్యత వాళ్లది.

మిగతావి గబగబా

ఫోటో తనే పంపింది, ఇంకేం కేసు? తీయడానికి ఒప్పుకోవడం వేరు, పంచడానికి ఒప్పుకోవడం వేరు. న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణలోనే ఈ మాట ఉంది. నెట్‌లో పెడతాడని భయముంటే స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మీ ఫోన్ దాటి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి దాన్ని పట్టుకుని ఆపుతాయి. అమ్మాయికి 18 నిండకపోతే ‘ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదు’ అని పైన చెప్పింది వర్తించదు. అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), ఆమె ‘ఒప్పుకుంది’ అనే మాటే అక్కడ చెల్లదు.

కొన్నేళ్లు చూసుకున్నాడు కాబట్టి భరణం వస్తుంది? ఈ ఆశ పెట్టుకోవద్దు. డబ్బిచ్చి ప్రధానంగా లైంగిక అవసరానికి ఉంచుకున్న సంబంధం ‘వివాహం లాంటి సంబంధం’ కాదని 2010లో వేలుసామి కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ తీర్పులో వాడిన మాటలు నాకు నచ్చవు, కానీ తీర్పు అదే. పెళ్లి చేసుకుంటానని మోసపూరితంగా నమ్మించాడంటే మాత్రం న్యాయ సంహిత 69వ సెక్షన్ ఉంది, అది వేరే దారి.

నెలకింత ఇస్తానని స్టాంపు పేపర్ రాసిచ్చాడు? కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ ముందు అది చిత్తు కాగితం.

ఇచ్చినవి గిఫ్టులే కదా, పన్నెందుకు? బంధువు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి వస్తే మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది.

యాప్‌లో రిజిస్ట్రేషన్ ఫీజు కడితే డబ్బున్నవాళ్ల నంబర్లు ఇస్తారు? గూగుల్ 2021 సెప్టెంబర్ నుంచే షుగర్ డేటింగ్ యాప్‌లను ప్లే స్టోర్‌లో నిషేధించింది. టెలిగ్రామ్‌లో ఫీజు అడుగుతున్నది దొంగే. ‘రిచ్ లేడీ’ ప్రకటనలు చూసి మోసపోయే మగవాళ్లు కూడా తక్కువేం లేరు, సిగ్గుతో చెప్పరు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, కొట్టమన్నాడంటే పోయేది మీ డబ్బే. పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఖాతా ఆపించే అవకాశం అంత ఎక్కువ.

వకీలు ఫీజు ఎక్కడి నుంచి తేవాలి? ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సహాయం ఉచితం, 1987 చట్టం 12వ సెక్షన్. నంబరు 15100, లేదా మీ జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి. వెళ్లే ముందు కోపంలో చాట్‌లు డిలీట్ చేయకండి, నంబర్ బ్లాక్ చేసే ముందే అన్నిటికీ తేదీ, నంబర్ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీయండి, డబ్బు పంపిన రసీదులు దాచండి. ఫోన్ చార్జర్ కూడా తెచ్చుకోండి. అవన్నీ చూసి రాసుకునేసరికి సాయంత్రమవుతుంది, మా కోర్టు ఆవరణలో చార్జింగ్ పాయింట్ దొరకడమే గగనం, చార్జర్ అప్పిచ్చేవాళ్లు ఇంకా గగనం.