ఎడమకు వాలిన అక్షరాలు

తిరుపతి,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన పిల్లలకు,

మొన్న మీ బడికి ఎవరో పెద్దమనిషి వచ్చి, అందరి నోటుపుస్తకాలూ తిరగేసి, రాతను బట్టి ఒక్కొక్కరి గుణం చెప్పారట. గుండ్రంగా రాసేవాళ్లది నిదానమైన మనసట. అక్షరాలు ఎడమకు వాలితే ఆ పిల్ల లోపల ఏదో దాచుకుంటుందట. ఆ మాట పడిన పిల్ల రెండు రోజులుగా సరిగా అన్నం తినలేదని, మేడమీద బట్టలు ఆరేస్తూ వాళ్లమ్మ నాతో చెప్పింది. 31 సంవత్సరాలు తెలుగు పాఠం చెప్పి, వేల పుస్తకాలు దిద్దినదాన్ని. ఈ సంగతి విని ఊరుకోలేక ఉత్తరం రాస్తున్నాను.

చేతిరాతను పరీక్షించే శాస్త్రం నిజంగానే ఉంది. నేర పరిశోధనలో దానికి చోటుంది, కోర్టులు దాని మాట వింటాయి. కానీ ఆ శాస్త్రం అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ కాగితం మీద రాసింది ఈ మనిషేనా? ఆ మనిషి కోపిష్టా, పిసినారా, మంచివాడా అన్నది దానికి అక్కర్లేదు. రాతలో గుణం చదువుతామనే వాళ్లను పరీక్షించి చూస్తే ఆ జోస్యాలు నిలబడలేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ఒక కాగితం మీద మీ పేరు పదిసార్లు రాయండి. ఏ రెండూ అచ్చంగా ఒకేలా రావు. ఒకచోట తలకట్టు పొడుగవుతుంది, ఇంకోచోట దీర్ఘం పక్క అక్షరానికి తగులుతుంది. అయినా పదీ మీవేనని మీ అమ్మ చూడగానే చెబుతుంది. ఎవరి రాత ఎంత మారినా ఒక హద్దులోనే మారుతుంది. ఆ హద్దు ఎక్కడుందో తెలుసుకోవడం నిపుణుల పనిలో సగం.

ఒకసారి మా ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకే వారంలో రెండు సెలవు చీటీలు తెచ్చాడు. రెండింటి మీదా వాళ్ల నాన్న సంతకం ఉంది. ఎందుకో అనుమానం వచ్చి, చీటీలు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. గీత మీద గీత, చుక్క మీద చుక్క కూర్చున్నాయి. మామూలుగా రాస్తే అలా రావడం సాధ్యం కాదు. ఒకే అసలు సంతకం మీద కాగితం పెట్టి రెండుసార్లు దిద్దితేనే అలా వస్తుంది. దగ్గరగా చూస్తే గీతలో సన్నని వణుకు కనిపించింది. కలం ఆపి మళ్లీ కదిపిన చోటల్లా సిరా చుక్కలు దిగి ఉన్నాయి.

ఇలాంటి అనుమానమే అమెరికాలో పెద్ద దావాగా నడిచింది. 1868లో తీర్పు వచ్చిన, సిల్వియా హౌలండ్ అనే ఆమె వీలునామా కేసులో రెండు సంతకాలు అతిగా కలిశాయి. గణితవేత్త బెంజమిన్ పియర్స్ ఆమెవే అయిన 42 సంతకాలను జతలుగా పోల్చించాడు. ఒక్కో సంతకంలో కిందికి దిగే గీతలు 30. మామూలుగా అయిదింట ఒక గీత కలుస్తుందని తేలింది. మరి ముప్పైకి ముప్పై కలవాలంటే? 5ను 30 సార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్యలో ఒక్క వంతు అవకాశం అన్నాడు. గీతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా లెక్కించడం సరికాదని తర్వాతివాళ్లు తప్పుపట్టారు. కోర్టు కూడా వేరే చట్టపు కారణం మీదే తీర్పు చెప్పింది. అయినా రెండు సంతకాలు మరీ ఒకేలా ఉంటే అనుమానించాలన్న మాట ఈనాటికీ నిలిచి ఉంది.

ఇక నా తప్పు చెప్పాలి. చిత్తూరు వైపు ఒక ఊళ్లో పనిచేసేటప్పుడు, ఒక ఉదయం నోటీసు బోర్డు మీద ఎవరో చీటీ అతికించారు. ఒక మాస్టారి గురించి రాయరాని మాటలు, కింద పేరు లేదు. తరగతి నోటుపుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఒక అబ్బాయి పుస్తకంలో 'ళ' చివరి మెలిక అచ్చం చీటీలోలాగే వెనక్కి తిరిగి ఉంది. 'త' మీది తలకట్టు కూడా అలాగే అక్షరానికి తగలకుండా పైన తేలుతోంది. దొరికాడనుకున్నాను. తరగతి మధ్యలో నిలబెట్టి అడిగాను. కాదన్నాడు. నేను నమ్మలేదు. నాలుగు రోజులు బడికి రాలేదు. అయిదో రోజు ఇంకొక అబ్బాయి ఏడుస్తూ వచ్చి, ఆ చీటీ రాసింది తానేనని ఒప్పుకున్నాడు.

అప్పుడు మళ్లీ పుస్తకాలు తీశాను. ఆ తరగతిలో పదకొండు మంది ఒకే పల్లె పిల్లలు. అందరి చేతా పలక మీద అక్షరాలు దిద్దించింది ఆ ఊరి అయ్యవారు ఒక్కరే. ఆయన 'ళ' మెలిక పదకొండు మందికీ వచ్చింది. ఆ అబ్బాయి పుస్తకంలో నేను పట్టుకున్నది అయ్యవారి రాతను.

ఒక బడికో, ఒక తరానికో ఉమ్మడిగా వచ్చే ఇలాంటి పోలికల మీద నిపుణులు బరువు వేయరు. ఒక్కరికే సొంతమైన అలవాట్లు వెతుకుతారు: సున్న ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, గుడి ముందు పెడతారా ఒత్తు ముందు రాస్తారా, కలం ఎక్కడ ఎత్తుతారు, ఎక్కడ ఒత్తి రాస్తారు. బాల్‌పెన్ను మలుపు తిరిగాక చిన్న సిరా ముద్ద వదులుతుంది. గీత ఏ వైపు నడిచిందో దాన్ని బట్టి తెలుస్తుంది. పోలికలతో పాటు తేడాలనూ లెక్కలోకి తీసుకుంటారు. కారణం చెప్పలేని తేడా ఒక్కటి ఎదురైనా ఆగి ఆలోచిస్తారు. చీటీలో కొమ్ము కింది నుంచి పైకి లేచింది. ఆ అబ్బాయిది పైనుంచి కిందికి దిగేది. నా కళ్ల ముందే ఉన్న తేడా అది. పోలికల కోసమే వెతికాను కాబట్టి కనిపించలేదు.

1894లో ఫ్రాన్సులో ఇదే పొరపాటు ఒక మనిషి జీవితాన్ని నాశనం చేసింది. సైనిక రహస్యాలు జర్మన్లకు అందజేస్తున్న కాగితం ఒకటి దొరికింది. అది కెప్టెన్ డ్రేఫస్ రాతేనన్నారు. మనుషుల కొలతలతో నేరస్థులను గుర్తించే పద్ధతిలో పేరు పొందిన బెర్టియోన్ సాక్ష్యం చెప్పాడు. రాతలో తేడాలున్నాయి కదా అంటే, డ్రేఫస్ తన రాతను తానే దొంగ రాతలా మార్చుకున్నాడని వాదించాడు. పోలిక ఉంటే నేరస్థుడు, తేడా ఉంటే తెలివైన నేరస్థుడు! ఆ కాగితం రాసింది ఎస్టర్‌హాజీ అనే మరో అధికారి. సముద్రంలోని దీవిలో ఏళ్ల తరబడి బందీగా ఉన్న డ్రేఫస్ మచ్చ పూర్తిగా తొలగేసరికి 1906 వచ్చింది.

పోల్చడానికి పెట్టే నమూనా కూడా నమ్మదగినదై ఉండాలి. 1983లో హిట్లర్ డైరీలంటూ కొన్ని బయటికొచ్చాయి. నిపుణులకు నమూనాలుగా ఇచ్చిన కాగితాల్లో, ఆ డైరీలను సృష్టించిన దొంగ రాసినవే కలిసి ఉన్నాయి! చివరికి కాగితమే దొంగను పట్టిచ్చింది: యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చిన తెల్లబరిచే రసాయనం అందులో ఉంది. నమూనా నమ్మదగినదిగా ఉండాలనే, అనుమానితుడి చేత రాయించేటప్పుడు అసలు కాగితం చూపించరు. మాటలు చెప్పి రాయిస్తారు, చాలాసార్లు రాయిస్తారు. తగాదాకు ముందు అతను మామూలుగా రాసుకున్న లెక్కలు, బ్యాంకు కాగితాలు దొరికితే మరీ మంచిది. గొడవ ఊసే లేనప్పుడు రాసినవి కదా.

మన సుప్రీంకోర్టు కూడా ఈ శాస్త్రాన్ని గుడ్డిగా నమ్మలేదు. 1980లో మురారీలాల్ కేసులో మన తెలుగువారే అయిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, ఇది వేలిముద్రల శాస్త్రమంత పరిపూర్ణం కాదని, జాగ్రత్తగా చూడాలని, అలాగని నిపుణుల మాటను అనుమానంతోనే తోసిపారేయకూడదని చెప్పారు. ఆ జాగ్రత్త ఎంత అవసరమో 2022లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం చూపించింది. అందులో 86 మంది నిపుణులకు రాతలిచ్చి పరీక్షించారు. ఇద్దరి రాతలను ఒకరివేనని పొరబడింది నూటికి సుమారు 3 సార్లు. కవలల రాతల విషయంలో అది దాదాపు 9కి పెరిగింది. ఏళ్ల తరబడి శిక్షణ పొందినవాళ్ల సంగతి ఇది. ఒక పూటలో మీ అందరి పుస్తకాలూ తిరగేసి గుణాలు చెప్పిన మనిషి మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీరే చూసుకోండి.

ఇక అన్నం తినని పిల్లకు ఒక మాట. మీ అమ్మ తెచ్చిన నీ పుస్తకం చూశాను తల్లీ. నువ్వు ఎడమచేత్తో రాస్తావు, పుస్తకాన్ని బల్ల అంచుకు నిటారుగా పెట్టుకుంటావు. రాసింది కనపడడానికి మణికట్టు వంచుతావు, అక్షరం ఎడమకు వాలుతుంది. పుస్తకం పై అంచును కాస్త కుడివైపుకు తిప్పి పెట్టుకుని రాసి చూడు. ఒక పేజీ రాసి, రేపు సాయంత్రం నాకు తెచ్చి చూపించు. అన్నం తినేసి రా.

ప్రేమతో,
మీ టీచరమ్మ అవ్వ