అనుకోకుండా ఎదురయ్యేవాటి గురించి

పిల్లలూ,

తలుచుకున్న మనిషి దగ్గర్నుంచే ఫోను రావడం, సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కితే పక్కన నిలబడ్డావిడ నా పాత విద్యార్థిని అని తేలడం, ఇవి ఉత్తినే జరుగుతాయా, వెనకాల ఏమైనా ఉందా అని అడిగారు. సామాన్లు దింపుకునే హడావిడిలో అప్పుడు సరిగ్గా చెప్పలేదు. లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని, కాబట్టి ముందు లెక్క.

మీ క్లాసులో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయితే అందరూ ఆశ్చర్యపోతారు. కానీ 23 మంది ఉంటే చాలు, అలాంటి ఇద్దరు ఉండే అవకాశం సగం దాటిపోతుంది. 40 మంది ఉంటే నూటికి 89 పాళ్లు. 23 మందిని ఇద్దరిద్దరు చొప్పున కలిపి చూస్తే 253 జతలు వస్తాయి, వాటిలో ఏ ఒక్కటి కుదిరినా చాలు కదా. అదే, నీ పుట్టినరోజునే పుట్టినవాళ్లు ఆ గదిలో ఉన్నారా అంటే మాత్రం నూటికి ఆరు పాళ్లే. ఏదో ఒకటి కలవడం తేలిక, ముందే చెప్పి పెట్టుకున్నది కలవడం కష్టం. మనం అబ్బురపడేవన్నీ దాదాపు మొదటి రకానివే.

పంటు సంగతీ అంతే. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగనివాళ్లు నరసాపురం వెళ్లాలంటే ఆ రేవులోనే వశిష్ఠ గోదావరి పాయ దాటాలి. ఇన్నేళ్లు ఈ చుట్టుపక్కల పాఠాలు చెప్పాక అక్కడ ఎవరో ఒకరు ఎదురుపడకపోతేనే వింత. ఇక ఫోనంటారా, తలుచుకున్నా ఫోను రాని రోజుల్ని మనం గుర్తుపెట్టుకోం.

ఈ లెక్క మీకు రావాలని నేను ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. 1996 నవంబరు 6న తుపాను కోనసీమని పీకి పారేసింది. తరాల నాటి కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఆ తర్వాత ఒక ఇంట్లో, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు కాలు పెట్టిన వేళ మంచిది కాదన్నారు. ఎక్కడో బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండానికీ ఆ పిల్ల పాదానికీ ముడిపెట్టారు! ఆ మాట ఆమె ఎన్నేళ్లు మోసిందో నేను చూశాను. భర్త పోయినావిడ ఎదురొస్తే అపశకునమని వెనక్కి తిరిగి, కాళ్లు కడుక్కుని మళ్లీ బయల్దేరిన ఊళ్లు మనవి. ఆ ఆడవాళ్ల కోసమే కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఎదురొచ్చిన మనిషిని శకునంగా చూసినంతకాలం ఆవిడ కష్టం ఎవరికీ కనబడలేదు.

మరైతే అర్థమే లేదా? ఉందనే నా నమ్మకం, కాకపోతే మనం చేస్తేనే ఉంటుంది. స్విట్జర్లాండులో కార్ల్ యూంగ్ అనే మనోవైద్యుడు ఉండేవాడు. ఒకావిడ ఆయనకి తన కల చెబుతోంది, కలలో ఎవరో బంగారు పేడపురుగు నగ ఇచ్చారట. అంతలో కిటికీ మీద టకటకమని చప్పుడు. ఆయన కిటికీ తెరిచి, లోపలికొచ్చిన మెరిసే పెంకుపురుగుని పట్టుకుని, ఇదిగో మీ పురుగు అని ఆవిడ చేతికిచ్చాడు. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న ఆవిడ మనసు మెత్తబడిందట. ఇలాంటి కలయికలకి సింక్రానిసిటీ అని పేరుపెట్టి, 1952లో పెద్ద వ్యాసమే ప్రచురించాడు. కారణం లేకుండానే అర్థంతో కలిసే సంఘటనలు లోకంలో ఉన్నాయన్నది ఆయన వాదం. అది నాకు ఒప్పుదల కాదు. కానీ ఆయన లేచి కిటికీ తెరిచాడు చూడండి, అది నాకు చాలా ఇష్టం.

పంటు మీద ఆవిడని నేను పలకరించకపోయినా మేం పక్కపక్కన నిలబడేవాళ్లమే, ఎవరి దారిన వాళ్లం దిగిపోయేవాళ్లం. పలకరించాను కాబట్టి వాళ్లమ్మాయికి బీజగణితం అంటే భయమని తెలిసింది. ఇప్పుడా పిల్ల ఆదివారాలు రేవు దాటి నా దగ్గరికి వస్తోంది. సమీకరణాలు బాగానే పట్టుకుంటోంది.

మీరొక నోటుబుక్కు పెట్టండి. ఎవరైనా గట్టిగా గుర్తొచ్చినప్పుడు తేదీ వేసి రాయండి, వాళ్ల ఫోను వచ్చినా రాకపోయినా సరే. సాయంత్రానికి రాకపోతే మీరే చెయ్యండి, అదీ రాయండి. వేసవి సెలవులకి ఆ పుస్తకం తెస్తే అరుగు మీద కూర్చుని లెక్క వేద్దాం.

ఆశీస్సులతో,
మీ మామ్మ