ఆవిరి పైకి, కొవ్వు కిందికి: హైదరాబాద్ డేగిసాల భౌతికశాస్త్రం

చార్మినార్ నుంచి దక్షిణంగా బార్కస్ దాకా ఏడెనిమిది కిలోమీటర్లకు మించదు. ఆ కాస్త దూరంలోనే మటన్‌నూ ధాన్యాన్నూ కలిపి వండే మూడు పద్ధతులు ఎదురవుతాయి. హలీంలో రెండూ కరిగి ఒకటైపోతాయి. కచ్చి బిర్యానీలో మాంసం కింద, బియ్యం పైన. యెమెన్ నుంచి వచ్చిన మందీలో మాంసం పైన, బియ్యం కింద. ముడిసరుకు దాదాపు ఒకటే అయినా ఒకదాని రుచి మరోదానికి రాదు.

1591లో పుట్టిన ఈ ఊరికి ఇరానీలు, అరబ్బులు, మరాఠీలు, మార్వాడీలు, 1947 తర్వాత సింధీలు వచ్చి చేరారు. తెలుగు పల్లెలు ఎప్పుడూ చుట్టూ ఉన్నవే. 2019లో యునెస్కో తన సృజనాత్మక నగరాల జాబితాలో ఆహార విభాగం కింద హైదరాబాద్‌ను చేర్చింది. ఇక్కడి వంటల గురించి ఎవరు రాసినా మసాలాల పట్టీ చదవడం మామూలే. కానీ లవంగం, యాలకులు, షాజీరా ఉత్తరాది వంటల్లోనూ ఉన్నాయి. ఇక్కడి అసలు విశేషం కుండలో నీరూ వేడీ ఎటు నుంచి ఎటు పోతాయన్న దాంట్లో ఉంది.

హలీంతో మొదలుపెడదాం. దీనికి మూలం అరబ్బుల హరీస్: గోధుమలు, మాంసం, ఉప్పు, అంతే. పదో శతాబ్దపు బాగ్దాద్ వంటల పుస్తకంలోనే దాని తయారీ ఉంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చినవాళ్లు బార్కస్‌లో స్థిరపడ్డారు; హరీస్ అక్కడ ఇప్పటికీ పొద్దుటి ఫలహారం. హైదరాబాద్ దానికి పప్పులు, పచ్చిమిర్చి, నెయ్యి, వేయించిన ఉల్లి, నిమ్మరసం చేర్చింది. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని నియమాల్లో మాంసానికీ గోధుమలకూ నిష్పత్తి 10:4. కట్టెల భట్టీ మీద రాగి డేగిసాలో 12 గంటలు ఉడకాలి.

అంతసేపు ఎందుకంటే కొల్లాజెన్ వల్ల. కండరంలోని పోగులను కట్టలు కట్టి ఉంచే ప్రొటీన్ ఇది. 60 డిగ్రీలు దాటగానే ముడుచుకుని మాంసాన్ని పిండేస్తుంది. అందుకే సగం ఉడికిన మటన్ పచ్చిదానికంటే గట్టిగా ఉంటుంది. ఆ పైన గంటల తరబడి వేడి, తడి రెండూ తగిలితేనే జెలటిన్‌గా కరుగుతుంది. కట్టు వదిలాక పోగులు విడివిడి దారాలవుతాయి. ఘోట్నా అనే చెక్క మెదుపు కర్రతో కొట్టేకొద్దీ ఆ దారాలు గోధుమ గంజిలో చిక్కుకుని సాగుతాయి. చెంచా పైకెత్తినప్పుడు తెగకుండా వచ్చే ఆ తీగనే వంటవాళ్లు రేషా అంటారు. హలీం నాణ్యతకు వాళ్లు చూసే మొదటి గుర్తు అదే.

ఇంట్లో చేసేటప్పుడు ప్రెషర్ కుక్కర్ తప్పేమీ కాదు. లోపల సుమారు 120 డిగ్రీలు ఉంటుంది కాబట్టి కొల్లాజెన్ గంటలోపే కరుగుతుంది. ఎముకల్లేని మటన్ అరకిలో, గోధుమ రవ్వ 200 గ్రాములు, శనగపప్పు, మినప్పప్పు రెండేసి చెంచాలు తీసుకోండి. రవ్వ, పప్పులు 4 గంటలు నానాలి. మాంసాన్ని ముప్పావు లీటరు నీళ్లతో సన్నటి మంట మీద 40-45 నిమిషాలు, రవ్వనూ పప్పులనూ లీటరు నీళ్లతో 25 నిమిషాలు వేర్వేరుగా ఉడికించి, తర్వాత కలిపి కనీసం అరగంట మెదపాలి. చాలామంది దెబ్బతినేది ఈ చివరి మెట్టు మీదే: చేతులు నొప్పెడుతున్నాయని మిక్సీలో వేస్తారు. బ్లేడు పోగులను ముక్కలుగా నరికేస్తుంది, ఉబ్బిన పిండి రేణువులను పగలగొడుతుంది. వచ్చేది రేషా లేని జిగురు. గోడకు పోస్టర్లు అంటించడానికి పనికొస్తుంది.

రెండో ప్రమాదం అడుగంటడం. పలుచటి ద్రవంలో అడుగున వేడెక్కింది పైకి లేస్తుంది, పైన చల్లారింది కిందికి దిగుతుంది. హలీం చిక్కబడ్డాక ఈ తిరుగుడు ఆగిపోయి, వేడి అడుగు పొరలోనే పోగుపడుతుంది. అందుకే చిక్కబడే కొద్దీ మంట తగ్గించాలి, గరిటె ఆపకూడదు. మిగిలిన హలీంనూ గిన్నెతో అలాగే వదిలేయొద్దు. ముద్ద నడిభాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. ఉడికినా చావని క్లాస్ట్రీడియం బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి బీజాలు) మొలకెత్తి పెరగడానికి 40-45 డిగ్రీల వేడి బాగా అనుకూలం. రెండంగుళాల లోతుకు మించకుండా వెడల్పు పళ్లేల్లో పరిచి, ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టాలి.

కచ్చి బిర్యానీ లెక్క వేరు. ఇక్కడ పచ్చి మాంసమే బియ్యానికి బాయిలర్. కిలో మటన్ ఉడికేటప్పుడు దాని బరువులో పావు నుంచి మూడో వంతు దాకా రసం వదులుతుంది. నానబెట్టిన పావుకిలో పెరుగులో మరో 200 గ్రాముల పైచిలుకు నీరుంది. అంటే మనం చుక్క నీరు పోయకపోయినా డేగిసా అడుగున దాదాపు అరలీటరు తయారవుతుంది. అందులో కొంత ఆవిరై పైకి లేచి బియ్యాన్ని ఉడికిస్తుంది, మిగిలింది మసాలాగా నిలుస్తుంది. ఈ అరలీటరును లెక్కలోకి తీసుకోకుండా బియ్యాన్ని ముందే పూర్తిగా ఉడికించి పరిచేవాళ్లకు కింది పొర ముద్దవుతుంది.

కిలో మాంసానికి కిలో బాస్మతి. అరగంట నానిన బియ్యాన్ని ఐదు లీటర్ల మరుగుతున్న నీళ్లలో, 60 గ్రాముల ఉప్పుతో ఉడికించాలి. ఆ నీళ్లు నాలుక మీద వేసుకుంటే కచ్చితంగా ఉప్పగా అనిపించాలి, ఎందుకంటే గింజలోకి ఉప్పు వెళ్లే అవకాశం ఆ కొద్ది నిమిషాలే. సగానికి పైగా ఉడికాక, అంటే గింజ విరిస్తే నడుమ తెల్లటి పలుకు కనిపిస్తున్నప్పుడే, మొదటి విడత తీసి మాంసం మీద పరచాలి. మిగిలింది ఇంకో రెండు నిమిషాలు ఉడికాక పై పొరగా వేయాలి. కింది పొరకు తడి ఎక్కువ, పై పొరకు తక్కువ కాబట్టి ఈ తేడా.

మూత చుట్టూ పిండి ముద్ద అంటించి దమ్ పెడితే లోపల ఒత్తిడి పెరుగుతుందని అనుకుంటారు. పిండి కుక్కర్ రబ్బరులా ఆవిరిని బిగించలేదు; ఎక్కడో ఓ చోట సన్నగా వదులుతూనే ఉంటుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, దమ్ కూడా అక్కడే ఆగుతుంది. పిండి చేసే మేలు ఆవిరిని వృథా కానివ్వకపోవడం. చల్లటి గింజను తాకి నీరుగా మారే ప్రతి గ్రాము ఆవిరీ రెండు వేల జౌళ్ల పైచిలుకు వేడిని అక్కడే వదులుతుంది. మధ్యలో మూత తీసి చూస్తే ఆ వేడి వంటింటి పాలు.

మంట మొదటి పది పన్నెండు నిమిషాలు పెద్దగా, అంచున ఆవిరి కనిపించే దాకా. తర్వాత డేగిసా కింద దళసరి పెనం పెట్టి సన్నటి సెగ మీద 40-45 నిమిషాలు. దింపాక పావుగంట కదపకూడదు. వేడి గింజ మెత్తగా ఉండి గరిటె తగిలితే విరుగుతుంది.

98 డిగ్రీల్లో గంటసేపటికి ముదురు మాంసం ఉడకదు. అందుకే లేత మేక, అందుకే పచ్చి బొప్పాయి. దాని పాలలోని పపాయిన్ మాంసం ప్రొటీన్లను విరిచే ఎంజైము, 60-70 డిగ్రీల మధ్య బాగా చురుకు. అంటే పొయ్యి మీద వేడెక్కేటప్పుడే ఎక్కువ పని చేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు నెమ్మది, పైగా లోపలికి కొన్ని మిల్లీమీటర్లే దిగుతుంది. రాత్రంతా నానబెడితే ముక్క పైభాగం పిండిలా అయి నడిభాగం అలాగే ఉంటుంది. ఉప్పు మాత్రం లోతుగా వెళ్తుంది. కాబట్టి ఉప్పు, అల్లం వెల్లుల్లి, కారం రాత్రే పట్టించి, తొక్కతో నూరిన బొప్పాయి 30 గ్రాములు వండడానికి మూడు గంటల ముందు కలపడం మేలు.

మందీలో ఇదంతా తలకిందులవుతుంది. హద్రమౌత్ పద్ధతిలో నేలలో తవ్విన గుంత పొయ్యి అడుగున నిప్పులు, వాటిపై బియ్యం గిన్నె, దానికి పైన వేలాడే మాంసం. ఆవిరి పైకి పోతుంది, కొవ్వూ రసమూ బియ్యంలోకి కారతాయి. మాంసానికి పొడి వేడి తగులుతుంది కాబట్టి పైపొర ఎర్రబడుతుంది. తడిగా ఉండే బిర్యానీ ముక్కకు ఆ రంగు ఎప్పటికీ రాదు. బియ్యం మాత్రం కారే నీటితోనే ఉడకదు, దానికి ముందే కొలిచి పోయాలి: నానిన సెల్లా బాస్మతి గ్లాసుకు గ్లాసున్నర. సెల్లా అంటే వడ్లుగా ఉన్నప్పుడే ఉప్పుడు చేసిన బియ్యం. కొవ్వు కారుతున్నా, సేపు ఎక్కువైనా గింజ చితకదు. మామూలు బాస్మతితో మందీ చేస్తే అంటుకుంటుంది, సెల్లాతో కచ్చి బిర్యానీ చేస్తే గింజ మొరటుగా నిలుస్తుంది. నగరంలోని చాలా హోటళ్లలో గుంత ఉండదు. మాంసం ఉడికిన నీళ్లలోనే బియ్యం వండి, ఎర్రటి బొగ్గు మీద నెయ్యి చుక్క వేసి ఐదు నిమిషాలు పొగ పెడతారు. ఆ పొగ వాసన తెస్తుంది కానీ కొవ్వు కారిన గింజ రుచి తేలేదు.

వేడిని వాడే విద్యలు ఇలా దూరం నుంచి వచ్చాయి. పులుపు మాత్రం దక్కనుదే. బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, ఖట్టీ దాల్: అన్నింట్లో చింతపండు. అంబాడా గోష్త్ మన గోంగూర మాంసమే, చిగుర్ గోష్త్ మన చింతచిగురు మాంసమే. మిరప మటుకు అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసుల ద్వారా మన దేశానికి చేరింది. చార్మినార్ కట్టేనాటికి అది ఇక్కడ కొత్త సరుకే.

పులుపు ఎప్పుడు వేయాలన్నది రుచికి సంబంధించిన ప్రశ్న మాత్రమే అనుకోకండి. మాంసం ఆమ్లత్వం మామూలుగా పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). కాస్త పులుపు తగిలి 5 దగ్గరకు దిగితే కండర ప్రొటీన్లు దగ్గరకు ముడుచుకుని నీటిని వదిలేస్తాయి. ముక్క పీచుపీచుగా అవుతుంది. కొద్దిపాటి పులుపును మొదట్లోనే వేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. మాంసం పూర్తిగా ఉడికాక, చివరి పది పదిహేను నిమిషాల్లో చింతచిగురు వేయాలి. ఆకు పచ్చదనం పోయి ముదురు ఆలివ్ రంగుకు తిరుగుతుంది, దానికి మందు లేదు: ఆమ్లం పత్రహరితంలోని మెగ్నీషియంను లాగేస్తుంది. వంకాయదీ ఇదే సంగతి. కాయ కణాలను అతికి ఉంచే పెక్టిన్ పులుపులో త్వరగా మెత్తబడదు కాబట్టి కాయను నూనెలో ముందే మగ్గించి, ఆ తర్వాతే చింతపండు రసంలో వేయాలి.

సాలన్‌కు పావుకిలో పొడుగు మిర్చికి వేరుశనగలు 50 గ్రాములు, నువ్వులు 30, ఎండుకొబ్బరి 20, చింతపండు 25 గ్రాములు సరిపోతాయి. వేరుశనగలు, నువ్వులు, కొబ్బరి మూడింటినీ విడివిడిగా వేయించాలి. కలిపి వేయిస్తే వేరుశనగ పచ్చిగా ఉండగానే నువ్వులు మాడతాయి, ఆ చేదును చింతపండు కూడా కప్పలేదు. మిర్చి మంటంతా గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది, దాన్ని గీకేస్తే చాలు. నూనె పైకి తేలిందంటే ముద్దలోని నీరు తగినంత ఇగిరిందని అర్థం.

ఇక ఇరానీ చాయ్. రహస్యం రెండు గిన్నెలు. అరలీటరు నీళ్లలో 15 గ్రాముల చాయ్ పొడి, చక్కెర వేసి, మూత బిగించి సన్నటి సెగ మీద అరగంట ఉంచుతారు. పక్కన అరలీటరు చిక్కటి పాలు మూడో వంతు తగ్గేదాకా మరుగుతాయి. అంతసేపు మరిగిన డికాషన్‌ను ఒట్టిగా తాగలేం, నోరు ఆర్చుకుపోతుంది. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ ఆ వగరు పదార్థాలను పట్టుకుని నాలుకకు తగలనివ్వదు. ఇగిరిన పాలలో కేసిన్ చిక్కగా ఉంటుంది కనుకే అంత ఘాటు డికాషన్‌ను మోయగలుగుతుంది. నీళ్లపాలతో ఇదే చేస్తే చేదు గెలుస్తుంది. బోరు నీళ్లతో చేస్తే డికాషన్ మీద తెట్టు కడుతుంది. నీటిలోని కాల్షియం చేసే పని అది. వడకట్టిన మెత్తటి నీళ్లు వాడితే పోతుంది.

మొలకెత్తిన గోధుమల పొడి, పాలతో చేసే జౌజీ హల్వాలో మాత్రం పని అంతా మొలకది. ఇరాన్, అఫ్గానిస్తాన్‌లలో కొత్త సంవత్సరం పండుగ నౌరూజ్‌కు వండే సమనూకు ఇది దగ్గరి చుట్టం. గోధుమలు 12 గంటలు నానబెట్టి, రెండు మూడు రోజులు మొలకెత్తించి, ఎండబెట్టి పొడి చేస్తారు. మొలకలో పుట్టిన అమైలేజ్ ఎంజైము పిండిని మాల్టోజ్ చక్కెరగా విరుస్తుంది. అది బాగా పనిచేసేది 55-70 డిగ్రీల మధ్య. ఇంకో పది పదిహేను డిగ్రీలు పెరిగితే చచ్చిపోతుంది. పాలలో పొడి కలిపి వెంటనే పెద్ద మంట పెడితే హల్వా పలుచబడకుండా గోధుమ గంజిలా బిగుసుకుంటుంది. వేలు పెట్టలేనంత వేడిలో, మరగనివ్వకుండా, అరగంట పాటు కలుపుతూ ఉంచి ఆ తర్వాతే మంట పెంచాలి. చక్కెర, నెయ్యి, జాజికాయ అప్పుడు వేస్తారు. గోధుమరంగు ముదిరి, నెయ్యి గిన్నె అంచులకు చేరేదాకా గంటల పని. జాజికాయ పొడి మాత్రం కిలోకు పావు చెంచా దాటితే మిగతా రుచులన్నీ దాని కిందే అణిగిపోతాయి.